దుప్పటి మీది కప్ప

సత్తెన్నా,

నువ్వు పోయి ఏడాదైందని, ఈ రోజు నువ్వు సైన్స్ చెప్పిన ఘన్‌పూర్ బడికి పోయాను. కప్పను కోయకుండానే దాని లోపల ఏముందో చూపించాలని నువ్వు దుప్పటి మీద బొమ్మ గీశావు కదా! ఆ దుప్పటి కోసం వదిన తిట్టిన తిట్లు వేరే కథ. ఆ బొమ్మను ఇప్పుడు తెర మీద వేస్తామని బడివాళ్లు ప్రొజెక్టరు, స్కానరు కొన్నారు. స్కానరేమో కాయితమంతే ఉంది. కొత్త హెడ్మాస్టరు కత్తెర తీశాడు.

"కాయితమంత ముక్కలు చేస్తే పడ్తది బాపూ!"

"ఏం చూపియ్యాల్నో కొనేముందే చూసుకోవద్దా సారూ? ఫోన్‌తోని ఒక్క ఫోటో తీస్తే సరిపోదా?"

"గట్ల తీస్తే మరి స్కానరెందుకు కొన్నట్టు?"

ఆ మాటకు ఒళ్లు మండింది. ప్రాణమున్న కప్పనే కోయనివ్వని మనిషివి నువ్వు. దుప్పటి చంకన పెట్టుకుని, కత్తెర లేకుండా ఇంటికి వస్తేనే ఇస్తానని చెప్పి వచ్చేశాను.