తిరగేసి కలిపిన నీళ్ల పంపు

అరవై మూడేళ్ల ఆటో ఎలక్ట్రీషియన్‌ని, పెళ్లి చేసుకోనిదాన్ని అయిన నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా ఇష్టప్రకారం రాయిస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినది చెల్లదు. కుడి చెవి సరిగా వినిపించదు గానీ బుర్ర బాగానే పనిచేస్తోంది. అనుమానం ఉన్నవాళ్లు జత చేసిన డాక్టర్ సర్టిఫికెట్ చూసుకోవచ్చు. దీన్ని అమలు చేసే బాధ్యత పక్క షెడ్డులో లేత్ మెషిన్ నడిపే ఆయనది. తక్కువ మాట్లాడే మనిషి, అందుకే ఆయన్ని పెట్టాను.

1. నేను ఉంటున్న రెండు గదులు, సామానుతో సహా, నా చెల్లెలికి చెందాలి. వంటింటి కిటికీ గడియ పడదు. బాగుచేస్తా బాగుచేస్తా అంటూ ఆరేళ్లు గడిపేశాను. నన్ను తిట్టుకుంటూ తనే చేయించుకోవాలి.

2. మీటరు, సోల్డరింగ్ సామాను, స్పానర్ల పెట్టె నా మేనకోడలికి, అంటే తమ్ముడి కూతురికి. ఈమధ్య ఇంట్లో మిక్సీ తనే విప్పి బిగించిందట, ఒక స్క్రూ మిగిలిందట. మిగలనీ, నాకూ మిగిలేవి. నా డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకెళ్లి బిట్లు లేకుండా తెచ్చిచ్చిన బాబాయి కొడుక్కి ఏమీ ఇవ్వడం లేదు. మరిచిపోయి కాదు.

3. నాన్న పాత కారు తమ్ముడికి. దాని బెల్టు పంపు తీసేసి కరెంటు నీళ్ల పంపు పెట్టింది నేనే. ఇంజన్ వేడెక్కితే ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత రిలే. ఆ తర్వాత ఎర్త్ వైరు: బిగించిన చోట పెయింటు గీకి ఉండాలి, లేకపోతే పంపు నీరసంగా తిరుగుతుంది. అదీ బాగుంటే, కారు ముందుభాగం ఎత్తులో ఉండేలా నిలిపి, రేడియేటర్ మూత తీసి, గాలి బుడగలు ఆగేదాకా నీళ్లు పోయాలి. చల్లారకముందు మూత ముట్టుకోవద్దు. నా ఎడమ మోచేతి మీద మచ్చ అలా వచ్చిందే. అన్నిటికన్నా చివర, పంపు ఏ వైపు తిరుగుతోందో చూడాలి. మోత విని బాగుందనుకోకూడదు. నేను అనుకున్నాను.

4. ఈ కారు తమ్ముడికే ఎందుకంటే: పదకొండేళ్ల కిందట, నా షెడ్డులోనే మెకానిక్‌గా ఉన్న తను అమ్మను ఈ కార్లో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, కొండ ఎక్కేచోట ఇంజన్ ఆవిరి కక్కి పట్టేసింది. అమ్మ రెండు గంటలు ఎండలో రోడ్డు పక్కన కూర్చుంది. కారును షెడ్డుకు లాక్కొచ్చాక, టైర్ల షాపు ఆయన, పెయింటర్ చూస్తుండగా తమ్ముణ్ణి కడిగేశాను. రేడియేటర్‌లో నీళ్లు కూడా చూసుకోనివాడివి, నువ్వేం మెకానిక్కువిరా అన్నాను. "నీళ్లు పోశానక్కా" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మర్నాటి నుంచి షెడ్డుకు రాలేదు. నా మాట బజారంతా పాకి, ఇక ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు.

పోయిన నెల పంపు కారుతుంటే విప్పాను. అమ్మ ప్రయాణానికి ముందు అది పెట్టిన రోజు నల్ల వైరు అయిపోతే, బజారుకు వెళ్లడానికి బద్ధకించి రెండూ ఎర్రవే వేశాను. ఆ రెండూ తారుమారై పంపు వెనక్కి తిరుగుతోంది. పంపును బకెట్‌లో పెట్టి చూశాను. సరిగా కలిపితే నీళ్లు ఎగిరి ఎదుటి గోడకు కొట్టాయి. నేను కలిపినట్టు కలిపితే కొళాయిలా కారాయి. మోత మాత్రం రెండుసార్లూ ఒకటే. ఊళ్లో నెమ్మదిగా తిరగడానికి ఆ ధార సరిపోతుంది, కొండ ఎక్కడానికి చాలదు. ఇంజన్ బాగయ్యాక నేను ఊళ్లోనే తిప్పాను కాబట్టి ఇన్నేళ్లూ బయటపడలేదు. తప్పు నాది. తమ్ముడు నీళ్లు పోశాడు. ఈ ముక్క రాయించడానికి సిగ్గుగా ఉంది, రాయించకుండా పోవడం ఇంకా సిగ్గు.

5. (కొట్టేసినది) నా తదనంతరం పై నాలుగో అంశాన్ని లేత్ ఆయన నా తమ్ముడికి చదివి వినిపించాలి.

కొట్టివేతకు వివరణ: నిన్న టైపు చేసే ఆవిడ ఈ అంశం దగ్గరికొచ్చి చేతులు ఆపింది. మీ తమ్ముడు ఎక్కడుంటారండీ అని అడిగింది. రెండు వీధుల అవతల అన్నాను. ఆవిడ చూసిన చూపుకి కూర్చోలేక లేచి వెళ్లాను. తమ్ముడికి నేనే చదివాను. మిషన్‌లో దారం ఎక్కిస్తూనే విన్నాడు. "నాకెందుకు చెప్తావక్కా? నీళ్లు పోశానని నాకు తెలుసుగా. అప్పుడు ఎవరి ముందు అన్నావో వాళ్లకి చెప్పు" అన్నాడు.

అందుకని ఈ రోజు ఆ ఇద్దరినీ షెడ్డుకు పిలిచి, నాలుగో అంశం గట్టిగా చదివాను. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. ఐదో అంశంతో ఇక పని లేదు కాబట్టి నా చేత్తోనే కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.

తేదీ: 19-6-2025, గురువారం, పగలు పదకొండు గంటలు

సంతకం: రాయించుకున్న ఎలక్ట్రీషియన్

సాక్షులు (చదవగా విన్నాం, సంతకం చేయగా చూశాం):

1. టైర్ల షాపు యజమాని

2. పెయింటర్. ఆ మాట బజారంతా మోసింది నేనే. అది కూడా ఇందులో ఉండాలని నా చేత్తో రాస్తున్నాను.