సాగలేదు, జరిగింది

బుధవారం రాత్రి, రాజాం

బియ్యపుగింజంత రాగి ముక్క ఇవాళ నన్ను వెర్రిదాన్ని చేసింది. దాని మీద చల్లిన నల్లచుక్కల మధ్య ఎడం ఎంత పెరిగిందో మైక్రోస్కోపు ఫొటోల్లో పోల్చి, ముక్క ఎంత సాగిందో కంప్యూటరు చెబుతుంది. ముక్కను లాగే యంత్రంలో పెట్టి స్క్రూలు బిగించానంతే, లాగడం మొదలే పెట్టలేదు. అప్పటికే సాగిందని చూపించింది.

"ఇంకా లాగనేదు గదే, అప్పుడే సాగిపోయిందేటి?" అంది ల్యాబులో నాతో పనిచేసే గౌరి.

మధ్యాహ్నమంతా వెతికితే దొరికింది. స్క్రూ బిగించినప్పుడల్లా ముక్క రవ్వంత పైకి లేచి లెన్సు దగ్గరికి జరుగుతోంది. దగ్గరికొస్తే చుక్కల మధ్య ఎడం పెరిగినట్టే కనబడుతుంది. దాన్ని పట్టుకుని మేం సాగిందనుకుంటున్నాం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "పని సాగతన్నాదేటే?" అంది.

"సాగనేదమ్మా, జరిగింది" అన్నాను, ధ్యాసంతా ముక్క మీదే ఉండి.

"ఏటి జరిగిందే? దెబ్బేటైనా తగిలిందేటి?" అని కంగారుపడిపోయింది.

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయింది. నిన్న గైడు సారు మెచ్చుకుని, పరిశోధన పేపర్లో పెడదామన్న గ్రాఫు కూడా ఈ బిగింపుతో తీసిందే. అందులో ఎంత సాగిందో, ఎంత జరిగిందో...

సారు కసురుతారని గౌరి భయం. కసరనీ. రేపు పొద్దున్నే వెళ్లి చెప్పేస్తాను. ముక్క లేవకుండా పట్టు మార్చి, అన్నీ మొదటినుంచి తీస్తాను. జరిగినదాన్ని సాగిందని మాత్రం రాయను.