మంచు అన్న మాట

మార్చి 1996, గురువారం రాత్రి

అన్నం సయించలేదు.

నిన్న పొద్దున ఉపగ్రహం పంపిన మైక్రోవేవ్ చిత్రంలో, మా శంషాబాద్ మీది మేఘంలో ఒక చల్లటి మచ్చ కనిపించింది. మేఘంలో మంచుగడ్డలు పేరుకుంటే కింది నుంచి వచ్చే తరంగాలు చెదిరిపోయి అలా మచ్చ పడుతుంది. రేడియోకి పంపే కాగితంలో "సాయంత్రం రాళ్లవాన పడవచ్చు" అని రాశాను. మా వాతావరణ ఆఫీసు పెద్దసారు ముక్కు చిట్లించారు. "రాళ్లేమిటమ్మా, మరీ నాటుగా!" అంటూ కొట్టేసి, "మేఘాలలో మంచు అధికంగా ఉన్నది" అని రాశారు. ఆ కాగితాన్ని నేనే రేడియోకి పంపాను.

సాయంత్రం రాళ్లే పడ్డాయి. ఇవాళ పొద్దున ఇంటి ఓనరు దావీదన్న ద్రాక్షతోటకి వెళ్లాను. చితికిన గుత్తుల మీద ఈగలు ముసురుతున్నాయి.

"పండ్లు ముందే తెంపలేదా అన్నా?"

"రేడియోల మంచు అన్నరు గద చెల్లె. మంచు పడితే బూజు వస్తదని మందు కొట్టిన. మందు కొట్టినంక ఎట్ల తెంపుతం?"

ఆ కబురు మా ఆఫీసుదేనని చెప్పలేకపోయాను.

ఆఫీసులో పెద్దసారుకి జరిగింది చెప్పబోతే వినలేదు. "చూశావా, మన కొలత ఎంత కచ్చితంగా వచ్చిందో!" అని అందరికీ లడ్డూలు పంచారు. ఛీ, నేనూ ఒకటి తిన్నాను.

కింద దావీదన్న రేడియో పెట్టాడు. రేపటి వాతావరణం కోసం సౌండు పెంచుతున్నాడు...