సత్యవతి గారి చెరువు

మంగళవారం

పెద్ద బ్యాంకుల్ని విడగొట్టాలని ఈరోజు ఏలూరులో మా బ్యాంకు ఉద్యోగుల యూనియన్ సభ పెట్టింది. నేనూ మాట్లాడాను. "విలీనానికి ముందు, చిన్న బ్యాంకుగా ఉన్నప్పుడు, అప్పు తీసుకున్న ప్రతి రైతు చెరువూ మాకు తెలిసేది" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

అప్పుడు కలిదిండి రైతు సత్యవతి గారు లేచారు. "ఏవండీ, మీరు మా బ్రాంచిలో నాలుగేళ్లు పనిచేశారు. అప్పుడది చిన్న బ్యాంకే కదండీ. మా చెరువు గట్టు మీద మిమ్మల్నెప్పుడూ చూడలేదే?" అని నెమ్మదిగా అడిగారు.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుల తనిఖీకి ఉన్నది ఒక్కణ్ణి, ఎన్ని గట్లు తిరగను? బ్యాంకుల్ని విడగొట్టాలనే ఇప్పటికీ అంటాను.

కానీ ఆవిడ చెరువులో ఏటా వల వేయించి చూశానని, చేపలు బాగా ఎదిగాయని కుర్చీలో కూర్చునే రిపోర్టు రాశాను. ఆవిడ పెంచేది చేపలో రొయ్యలో నాకిప్పటికీ తెలీదు.