తొట్టిబండిలో ఎవరు?

విడపనకల్లు,
1999 ఆగస్టు

ప్రియమైన శశి నాయనకు,

పాప శశి, మా నాయన బాగున్నారు. వాన లేక శెనక్కాయ పైరు వాడిపోతోంది. మన వీధి యేసన్న లారీ దిగి నేరుగా ఇంటికొచ్చాడు. "ఏమక్కా, రామాంజులన్న ధర్మవరంలో కనపడినాడు. ఏదో రష్యా మోటారుసైకిలంట, పక్కన తొట్టి ఉండాది. దాంట్లో ఎవరో ఆడమనిషిని కూర్చోబెట్టుకొని పోతాండాడు. పిలిస్తే పలకలేదు" అన్నాడు. పుట్టపర్తిలో మెకానిక్కు పనికని పోయిన నీకు ధర్మవరంలో ఏం పని? ఆమె ఎవరు? అది రాయి, చాలు.

నీ జవాబుకు ఎదురుచూసే,
మల్లీశ్వరి

పుట్టపర్తి

ప్రియమైన మల్లీశ్వరికి,

యేసన్న చూసిన బండి పావెల్ అనే రష్యా ఆయనది. ఆశ్రమం చూడాలని దేశాలు దాటి దాని మీదే వచ్చాడు. గేర్లు పాడైతే మా షెడ్డుకు తెచ్చాడు. బండి పేరు ఊరల్. పెద్ద యుద్ధానికి ముందు రష్యావాళ్లు జర్మనీ బండ్లను గుట్టుగా తెప్పించి, ఊడదీసి చూసి, అట్లాంటివే చేసుకున్నారట. జర్మన్లు మాస్కో మీదికి వస్తుంటే ఫ్యాక్టరీని ఊరల్ కొండల అవతల ఇర్బిత్ అనే ఊరికి తరలించి, బీరు కాచే కొట్టంలో పని మొదలుపెట్టారట. తొట్టిలో తుపాకి సిపాయి కూర్చునేవాడు. గాయపడినవాళ్లనూ దాంట్లోనే మోసేవాళ్లు. ఇప్పుడు కంపెనీ ప్రైవేటువాళ్ల చేతికి పోయింది, సామాన్లు దొరకవు. పళ్లచక్రం ఒకటి ధర్మవరంలో లేతు మిషను మీద చేయించాను. బిగించాక నడిపి చూడాలి కదా!

శశికి ముద్దులతో,
రామాంజులు

విడపనకల్లు

శశి నాయనకు,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. బండి పుట్టుక అంతా రాశావు, తొట్టిలో మనిషి గురించి ఒక్క ముక్క లేదు. యేసన్నను మళ్లీ అడిగాను. "ముసుగు కప్పుకొని ఉన్నిందక్కా. అన్నే ఎత్తి కూర్చోబెట్టినాడు. ఆమె అన్న చెయ్యి వదల్లేదు" అన్నాడు. మా నాయనకు ఇంకా చెప్పలేదు. శుక్రవారం బస్సెక్కుతాను. నువ్వు దాక్కున్నా సరే, షెడ్డు ముందే కూర్చుంటాను.

ఇంకా నీ భార్యనే అనుకుంటున్న,
మల్లీశ్వరి

పుట్టపర్తి

మల్లీ,

శుక్రవారం దాకా ఆగొద్దు. ఈ ఉత్తరం యేసన్న లారీలోనే పంపుతున్నాను, అందగానే బయలుదేరు. ఆమె మీ అక్క, బయక్క.

కులం కాని నేతగాణ్ణి చేసుకుందని మీ నాయన గడప తొక్కనివ్వని మీ అక్కే. ఆ మనిషి చనిపోయాడు. లేతు షాపు దగ్గర ఉంటే పక్కింట్లో మూలుగు వినిపించింది. పోయి చూస్తే ఈమె. మగ్గం గుంటలో పడి తొడ ఎముక విరిగింది. కాలు మడవలేదు. బస్సులో కుదరదు, ఆటోలో పట్టదు. బండితో నా వెంట ధర్మవరం వచ్చిన పావెల్‌ను అడిగితే, మాట పూర్తి కాకముందే బండి ఇచ్చేశాడు. కాలు చాపి తొట్టిలో కూర్చోబెట్టి ఇక్కడి ఆసుపత్రికి తెచ్చాను. ఆపరేషన్ అయింది. నీకు రాస్తానంటే ఒట్టు వేయించుకుంది. "మల్లికి చెప్పొద్దప్పా. అది ఉరుక్కుంటా వస్తాది. నాయన మిమ్మల్ని గూడా ఇంట్లోనుంచి పంపేస్తాడు" అంది. ఇప్పుడు జ్వరం ఎక్కువైంది. ఒళ్లు తెలియకుండా "మల్లి యాడ, మల్లి యాడ" అంటోంది. ఒట్టు తప్పాను.

నీ,
రామాంజులు

పుట్టపర్తి

ప్రియమైన శశి నాయనకు,

ఊరు చేరి ఉంటావు. శశి అన్నం సరిగా తింటోందా? అక్కకు జ్వరం దిగింది. నువ్వు బస్సెక్కాక తెలివొచ్చి కళ్లు తెరిచి నన్ను చూసింది. గోడవైపు తిరిగి "నాయన పంపినాడా?" అంది. "లేదు, నేనే వచ్చినా" అన్నాను. మళ్లీ నావైపు తిరిగింది. తర్వాత "తల చిక్కుబడిపోయింది, దువ్వవే" అంది. దువ్వుతుంటే నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

నాకు దాచినందుకు నీమీద కోపం పూర్తిగా పోలేదు. అది వచ్చాక చూసుకుందాం. ముందు మా నాయనకు చెప్పు. అక్క నడవగలిగాక ఇంటికి పిలుచుకొస్తున్నానని, అడగడం కాదు, చెప్పు. తలుపు తీస్తే సంతోషం. తీయనంటే శశిని తీసుకొని నువ్వే వచ్చెయ్. షెడ్డు వెనక గది ఖాళీగా ఉందని పావెల్ చూపించాడు. ఈ రోజు కూర్చొని అంతా ఊడ్చాను.

నీ,
మల్లీశ్వరి