ఆయిలు లైటు వెలగలేదన్నాను

మొగల్తూరు,
12-3-1999

ప్రియమైన తమ్ముడు ఆశీర్వాదానికి,

నేను క్షేమం. నీకు రాజమండ్రిలో మెకానిక్కు పని దొరికిందని మీ అక్క సుబ్బాయమ్మ చెప్పింది. ఇక్కడ నీ షెడ్డు మూసే ఉంది. అటు నడవడం మానేశాను.

భీమరాజుగారి కారుకి ఇంజను మార్చారు. మళ్ళీ నన్నే తోలమంటున్నారు. ఇరవయ్యేళ్ళు ట్రాక్టరు తోలినవాణ్ణి, స్టీరింగు ముందు ఆ ముళ్ళూ లైట్లూ నాకు సరిగ్గా తెలియవు. ఎవరినీ అడగలేక, తమ్ముడని పిలుచుకునే నిన్ను అడుగుతున్నాను. ఏ లైటు ఎప్పుడు వెలగాలి? కనపడకపోతే ఎవరి తప్పు?

నీ అన్నయ్య
చిట్టియ్య

రాజమండ్రి,
20-3-1999

ప్రియమైన చిట్టియ్య అన్నయ్యకి,

కారు ఎక్కిన రోజే అడగాల్సింది కదయ్యా!

తాళం తిప్పగానే ఎర్రలైట్లన్నీ ఒకసారి వెలగాలి. ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. బ్యాటరీ బొమ్మ ఆరకపోతే చార్జింగు లేనట్టు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్తే బండి పక్కకి తియ్యి. ఆయిలు డబ్బా బొమ్మ వెలిగిందా, ఇంటిదాకా పోదాం అనుకోకు. ఉన్నచోటే ఆపెయ్యి.

పేరుపాలెం రోడ్డులో రాయి తగిలి ఆయిలంతా కారిపోయిన రోజు ఆ లైటే వెలగాలి. వెలగలేదన్నావు. సర్వీసులో నేనే వైరు తెంపానని భీమరాజుగారు అందరి ముందూ తిట్టారు. ఇక ఊళ్ళో బండి ముట్టుకోవద్దన్నారు. నిజంగానే తెంపానేమో అన్నయ్యా. ఇక్కడ వైరు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.

ఉంటాను,
ఆశీర్వాదం

మొగల్తూరు,
2-4-1999

ప్రియమైన తమ్ముడికి,

ఇలా పిలవడానికి మొహం చెల్లటం లేదు.

నువ్వు వైరు తెంపలేదు. కారు కొన్న వారం అన్నవరం వెళ్ళాం. భీమరాజుగారి భార్య శ్యామలాంబగారు స్వామివారి స్టిక్కరు కొని, "చిట్టియ్యా, నీ కళ్ళెదురుగా అంటించు" అన్నారు. ముళ్ళ పక్కన నల్లగా ఖాళీ కనపడితే అక్కడ అంటించాను. లైటు ఆరి ఉంటే నలుపేనని నాకేం తెలుసు.

ఆయిలు లేక ఇంజను పట్టేశాక బండిని నీ షెడ్డుకి లాగించారు. నువ్వు తాళం తిప్పావు. స్టిక్కరు అంచున ఎర్రగా సన్నటి గీత. అప్పుడు తెలిసింది. బయటినుంచి భీమరాజుగారు "రోడ్డు మీద లైటు వెలిగిందా లేదా" అని అరిచారు. లేదండి అన్నాను. నువ్వు నా వంక చూశావు. నేను నేల చూశాను.

నీ ఉత్తరం వారం రోజులు జేబులో తిరిగింది. నిన్న, నిన్ను తిట్టిన చోటే, అందరి ముందూ స్టిక్కరు గీకి, తాళం తిప్పి చూపించాను. "ఇంత వయసొచ్చి ఏంటయ్యా ఇది" అన్నారు భీమరాజుగారు. తాళాలు ఇచ్చేశాను.

నన్ను తిట్టు తమ్ముడూ.

చిట్టియ్య

రాజమండ్రి,
10-4-1999

ప్రియమైన అన్నయ్యకి,

స్టిక్కరు అంచున ఆ ఎర్రగీత నేనూ చూశాను. ఆ రోజే తెలుసు. చర్చికి వెళ్ళేవాణ్ణి, స్వామివారి బొమ్మ మీద చెయ్యి వేస్తే మాట ఎటు పోతుందోనని భయపడ్డాను. నువ్వు చెబుతావనే నీ వంక చూశాను.

వైరు తెంపానేమోనని రాసింది అబద్ధం. నా చెయ్యి వణకటం లేదు. నీ చేత చెప్పించాలనే అలా రాశాను. పెద్దవాణ్ణి ఏడిపించానని నాకూ సిగ్గుగానే ఉంది.

భీమరాజుగారు ఫోను చేసి రమ్మన్నారు. వచ్చే సోమవారం షెడ్డు తెరుస్తాను. నువ్వు వచ్చి బెంచీ మీద కూర్చో. కొన్నాళ్ళు నేను మాట్లాడను. అయినా రోజూ రా.

ఆశీర్వాదం