మీ అమ్మ అర్జీలో చివరి వాక్యం

చిరంజీవి హరితకు నాయన దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా తింటున్నాం, తిరుగుతున్నాం, అంతవరకు క్షేమమే. కానీ నాకు ఒళ్లు మండిపోతోంది. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి కాగితం మీదే కక్కుతున్నాను.

అమ్మకు కూర్చునే పని ఇచ్చారా అని అడిగావు. ఇవ్వలేదు. గార్మెంట్ ఫ్యాక్టరీలో బట్టల కట్టలు ఎత్తీ ఎత్తీ భుజం పట్టేసింది, దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్చమని అర్జీ ఇచ్చింది కదా. మేనేజరు దివాకర్ దాన్ని అందరి ముందూ చదివి నవ్వాడట. రాప్తాడులో ఇరవై ఏళ్లుగా అర్జీలు టైపు చేస్తున్నవాణ్ణి, ఊరుకుంటానా? మరుసటి రోజే పోయాను.

"ఏమప్పా, మనిషి నొప్పని చెప్తే నగుతావా?" అన్నాను.

"నువ్వే సదువుకో అన్నా. రెండిట్లో ఏది నమ్మల్ల?" అని కాగితం నా ముందు పడేశాడు.

పైన 'అన్ఏబుల్ టు లిఫ్ట్' అని ఉంది, బరువులు ఎత్తలేనని. కింద 'ఏబుల్ టు డూ ఎనీ వర్క్' అని ఉంది, ఏ పనిచ్చినా చేయగలనని. అయితే మాత్రం? డాక్టరు చీటీ జత చేసి ఉంటే వాడికి కళ్లు కనపడలేదా? అరగంట పోట్లాడాను. అమ్మ మళ్లీ కట్టలు మోస్తోంది.

నీ దగ్గర దాచలేను. ఆ చివరి వాక్యం నాది. ఉద్యోగం అడిగేవాళ్లకు టైపు చేసీ చేసీ, ఏ అర్జీనైనా దాంతో ముగిస్తేనే మర్యాద అనుకునే అలవాటు పడిపోయింది. అమ్మేమో పక్కింటి సరళతో, "మా యింటాయన ఇంగిలీసులో తప్పుండదు. సదివినోనికే రాదు" అని నా తరఫున వాదించింది. వింటూ కూర్చున్నాను. దివాకర్ మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

నిన్న ఆమెకు నిజం చెప్పేశాను. కొత్త అర్జీ టైపు చేయడానికి కూర్చుని, "నీకు ఏమేం చేతకావడంలేదో చెప్పు" అని మొదటిసారి అడిగాను.

"బిందె ఎత్తలేను. చెయ్యి పైకి లేయక కొప్పు ఏసుకోలేను. రెణ్ణెల్లుగా సరళే వచ్చి ఏస్తాండాది" అంది.

రోజూ ఆ కొప్పు చూస్తూనే ఉన్నాను తల్లీ. ఎవరు వేస్తున్నారో నిన్నటిదాకా నాకు తెలియదు.

ఇట్లు,
నీ నాయన
జయచంద్ర